సంతకం ఎక్కడ పెట్టాలో అందరూ చెబుతారు

ప్రశ్న: సార్, నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో హైస్కూల్ తెలుగు టీచర్ని. మా నాన్నగారికి 58 ఏళ్లు. కొబ్బరి, జీడి తోటలున్నాయి. మూడేళ్లుగా కిడ్నీ జబ్బు, ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. విశాఖపట్నంలో చూపిస్తున్న ఆసుపత్రిలో ఒక కొత్త మందు మీద ట్రయల్ జరుగుతోందని, చేరితే మందులు, టెస్టులు ఉచితమని చెప్పారు. తెలుగులో 26 పేజీల ఫారం ఇచ్చారు. రెండుసార్లు చదివాను, అందులోంచి కొన్ని ముక్కలు రాసి పంపుతున్నాను. పదేళ్లుగా పిల్లలకి తెలుగు చెబుతున్న నాకే సగం అర్థం కాలేదు. ‘ద్వంద్వ అంధ అధ్యయనం’ అని పైకి చదివితే నాన్న ‘కళ్లు పోతాయేటమ్మా?’ అని అడిగారు. చివర్లో నామినీ పేరు, ఏడాది ఆదాయం రాయమన్నారు. అది చూసినప్పటి నుంచి అమ్మ ఏడుస్తోంది. నాన్నకి సంతకం వచ్చు గానీ చదవడం రాదు. నన్ను సాక్షి సంతకం పెట్టమంటున్నారు. నాన్నేమో ‘డాక్టరు బాబు సెప్పినాక మనకేటి తెలుస్తాది, ఎట్టేద్దాం’ అంటున్నారు. వచ్చే మంగళవారం రమ్మన్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
(పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: టీచరు గారూ, మంగళవారం వెళ్లండి. డాక్టర్ గారిని కలవండి, అడగాల్సినవన్నీ అడగండి. సంతకం మాత్రం ఆ రోజే పెట్టాలని అనుకోకండి. విషయం నాన్నగారి బుర్రకెక్కాక పెట్టొచ్చు, లేదా మానెయ్యొచ్చు. ట్రయల్‌లో చేరాలా వద్దా అన్నది నేను చెప్పను. కిడ్నీలు ఆయనవి, నిర్ణయమూ ఆయనదే. మీదీ కాదు, నాదీ కాదు. ఆ నిర్ణయం తీసుకునేంత వివరం ఆయనకి అందిందా లేదా అన్నదే మనం చూడాలి. మీ ఉత్తరం చదివితే అందలేదని తెలుస్తోంది.

అర్థం కాకపోవడంలో మీ చదువు తప్పేమీ లేదు. అటువైపు కుర్చీలో నేనూ కూర్చున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, చివరి కొన్నేళ్లు విజయనగరంలోనే. లోన్ కాగితాల మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ‘ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడొకటి’ అని ఎంతమంది రైతుల చేత సంతకాలు పెట్టించానో లెక్కలేదు. ఎవరైనా ‘ఇందులో ఏం రాశారు బాబూ?’ అంటే గోడ గడియారం వైపు చూసేవాణ్ణి. అప్పట్లో అది పని చురుగ్గా చెయ్యడం అనుకునేవాణ్ణి.

రిటైరయ్యాక ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో చేరాను. మందుల ట్రయల్ ఎక్కడ జరగాలన్నా ముందు ఇలాంటి కమిటీ ఒప్పుకోవాలి. అందులో డాక్టర్లతో పాటు ఒక లాయరు, వైద్యం చదవని మామూలు మనిషి ఒకరు తప్పకుండా ఉండాలని నిబంధన. ఆ మామూలు మనిషిని నేను. మొదటి నాలుగైదు మీటింగుల్లో నేను చేసిందల్లా టీ తాగి, తెలుగు ఫారానికి అనువాదం సర్టిఫికెట్ జత చేశారో లేదో చూసి, సరే అనడం. ఒకసారి ఒక పేరా, మందు పేరూ కంపెనీ పేరూ లేకుండా, చీటీ మీద రాసుకొచ్చి మా ఆవిడకి చదివి వినిపించాను. మూడో వాక్యం దగ్గర ‘ఇదేమిటి, సంకల్పం చెబుతున్నారా?’ అంది. ఆ తర్వాతి మీటింగులో నోరు విప్పాను. అప్పుడే నాకు ఈ ఫారాల తెలుగు ఎందుకిలా తయారవుతుందో తెలిసింది.

సంగతి ఇది. ఫారం మొదట ఇంగ్లీషులో తయారవుతుంది. దాన్ని తెలుగు చేస్తారు. ఆ తెలుగును వేరొకరి చేత మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి, మొదటి ఇంగ్లీషుతో పోల్చి చూస్తారు. రెండూ సరిపోతే అనువాదం ఖాయం. వినడానికి మంచి పద్ధతే. కానీ ‘యాదృచ్ఛికంగా కేటాయించబడుదురు’ అని రాస్తే వెనక్కి మార్చినప్పుడు మొదటి ఇంగ్లీషు మాట అచ్చుగుద్దినట్టు వచ్చేస్తుంది. ‘చీటీ తీసినట్టు ఎవరికి ఏది వస్తే అది’ అని మనిషి మాట్లాడే తెలుగు రాస్తే, వెనక్కి వెళ్లేసరికి ‘చీటీ’ అని తేలుతుంది. పరిశీలించేవాళ్లు ఎర్ర గీత గీస్తారు. తెలుగు ఎంత కొయ్యబారితే పరీక్ష అంత సులువుగా పాసవుతుంది. నాన్నగారికి అర్థమవుతుందా అన్న ప్రశ్న ఈ వరుసలో ఎక్కడా రాదు. తప్పు రాకూడదన్న జాగ్రత్తే తప్ప ఇందులో ఎవరి కుట్రా లేదు. ఆ జాగ్రత్త బరువు మాత్రం మీ నాన్నగారి మీద పడుతోంది.

దానికి తోడు ‘బడు’. సేకరించబడును, భద్రపరచబడును, తెలియజేయబడును, చెల్లించబడును. మీరు పిల్లలకి కర్మణి వాక్యం చెప్పే ఉంటారు కదా. ‘నష్టపరిహారం చెల్లించబడును’ అన్నచోట పెన్నుతో గీసి ‘ఎవరు?’ అని పక్కన రాయండి. ‘రక్త నమూనాలు భద్రపరచబడును’ అన్నచోట ‘ఎక్కడ? ఎన్నాళ్లు?’ అని రాయండి. ‘బడు’ ఉన్న వాక్యంలో పని చేసేవాడు కనబడడు, డబ్బు కట్టేవాడూ కనబడడు. ఫారం అంతా ఇలా గీసుకుంటూ పొండి. మంగళవారం అడగాల్సిన ప్రశ్నలు వాటంతట అవే తయారవుతాయి.

గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మీ జిల్లాలోనిదే, శ్రీముఖలింగం దగ్గర. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఆయన జీవితమంతా వాదించారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు తయారు చేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసే జిల్లాలో ఒక రైతుకి ‘పరిశోధనాత్మక ఉత్పాదన’ అని ఫారం చేతికివ్వడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. (ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ల సంగతి, కొండల మీద సవర మాట్లాడేవాళ్ల సంగతి ఎత్తితే ఈ జవాబు ఇవాళ పూర్తవదు.)

కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో ఇంకో విడ్డూరం ఉంది. మీ దగ్గర చదువు రాని ముసలమ్మ కూడా ‘క్రియాటినిన్ ఎంతుంది?’ అని (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అది) పలకరిస్తుంది. డయాలసిస్ అంటే ఏమిటో మీ ఊళ్లో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. మీరు రాసి పంపిన పేరాలో అనువాదకుడు డయాలసిస్‌ని ‘రక్తశుద్ధి’ చేశాడు, కిడ్నీని ‘వృక్కం’ చేశాడు. జనానికి బాగా తెలిసిన మాటలు తీసేసి తెలియని మాటలు పెట్టాడు. రక్తశుద్ధి అంటే నాన్నగారు ఆయుర్వేదం లేహ్యం అనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఈ గోడు మనదొక్కటే కాదులెండి. ఇంగ్లీషులో ఒక రాత ఎంత కష్టమో లెక్కగట్టే సూత్రాలున్నాయి. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన ఇచ్చిన సూత్రం బాగా వాడుకలో ఉంది. వాక్యానికి ఎన్ని పదాలు, పదానికి ఎన్ని అక్షరధ్వనులు అని లెక్కపెట్టి మార్కు వేస్తుంది. అలాంటి కొలతతో అమెరికాలో వైద్య కళాశాలలు తామే తయారు చేసుకున్న నమూనా అంగీకార పత్రాలను 2003లో చూస్తే, అవి పదో తరగతి దాటిన చదువు ఉంటే గానీ అర్థం కాని స్థాయిలో తేలాయి. ఆ కళాశాలలు తమకు తాము పెట్టుకున్న హద్దు కంటే సగటున దాదాపు మూడు తరగతులు ఎక్కువ. నియమం రాసినవాళ్లే నియమం దాటారన్నమాట.

ఆ కొలబద్ద తెచ్చి తెలుగు మీద పెట్టలేం. ‘తీసుకెళ్లాల్సొస్తుందేమో’ అన్నది ఒకే పదం, ఇంత పొడుగు. మీ ఆరో తరగతి పిల్లాడికి చిటికెలో అర్థమవుతుంది. ‘గోప్యత’ మూడే అక్షరాలు. మీ ఊళ్లో ఎవరి నోటి నుంచీ రాదు. పదం పొడుగుని బట్టి తెలుగు కష్టసుఖాలు తేలవు, ఆ మాట ఇంట్లో వినబడుతుందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతాయి. కాబట్టి మన దగ్గర పనికొచ్చే కొలబద్ద ఒకటే. వినిపించాక ఆ మనిషి తన మాటల్లో తిరిగి చెప్పగలగాలి.

ఇక మీ ఫారంలోకి వద్దాం. మీరు పంపిన వాక్యం: ‘పాల్గొనువారు 1:1 నిష్పత్తిలో యాదృచ్ఛికీకరణ ద్వారా పరిశోధనాత్మక ఔషధ లేదా ప్లాసిబో సమూహమునకు కేటాయించబడుదురు.’ నాన్నగారికి ఇలా చెప్పండి: ‘నాన్నా, చేరినవాళ్లలో సగం మందికి కొత్త మందు ఇస్తారు. మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే మాత్ర ఇస్తారు, అందులో మందు ఉండదు. ఎవరికి ఏదన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ తీస్తుంది. నీకు మంచిదని డాక్టర్ గారు ఎంచి ఇచ్చేది కాదు.’ ద్వంద్వ అంధ అంటే నాన్నగారికి ఏ మాత్ర వస్తోందో ఆయనకీ తెలియదు, డాక్టర్ గారికీ తెలియదు అని. కళ్లకేమీ కాదు. తెలిస్తే మనసు ఆ ప్రకారం పనిచేసి లెక్క తప్పుతుందని అలా దాస్తారు. ప్రాణం మీదకొస్తే ఏ మాత్ర ఇచ్చారో విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది. అది ఎలా చేస్తారో, రాత్రిపూట ఎవరికి ఫోన్ చెయ్యాలో అడగండి.

మందు లేని మాత్ర విషయంలో కొంచెం ఆగండి. ప్లాసిబోతో జరిగే ట్రయల్ అయితే, దానికి జబ్బు నయం చేసే గుణం ఏమీ ఉండదని ఫారంలో రాసి తీరాలని మన దేశంలో 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. కొత్త మందు కూడా అనుకున్న ఫలితం ఇవ్వకపోవచ్చని రాయాలి. రెండు వాక్యాలూ మీ 26 పేజీల్లో ఎక్కడో ఉండాలి, వెతికి నాన్నగారికి చదివి వినిపించండి. తర్వాత అసలు ప్రశ్న: ఇప్పుడు ఆయన వేసుకుంటున్న బీపీ మాత్రలు, మిగతా మందులు కొనసాగుతాయా, ఏవైనా ఆపమంటారా? ట్రయల్ అయిపోయాక కొత్త మందు పనిచేస్తోందని తేలితే ఆయనకి ఇంకా ఇస్తారా, లేక ఆ రోజుతో సరా?

‘ఉచితం’ అన్న మాట మీ ఉత్తరంలో వచ్చింది. ఉచితమే, నిజమే. అయితే ట్రయల్‌ని వైద్యం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు, చదువుకున్నవాళ్లూ చేస్తారు. మామూలు వైద్యంలో డాక్టర్ చూసేది ఈ రోగికి ఏది మంచిదా అని. ట్రయల్‌లో ఆ చూపుతో పాటు ఇంకో చూపు ఉంటుంది, ఈ మందు పనిచేస్తుందా లేదా తేల్చాలి అన్నది. నాన్నగారికి మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు. రేపు మీ ఊళ్లో ఇంకొకరికి మేలు జరగొచ్చు. అది తెలిసి చేరితే గొప్ప పని. ఉద్దానం జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకు ఎవరూ గట్టిగా తేల్చలేకపోయిన చోట పరిశోధన వద్దనడానికి నాకు నోరు రాదు. ఎన్నో ఏళ్లుగా ఎవరెవరో వచ్చి రక్తం, నీళ్లు పట్టుకెళ్లడం మీవాళ్లు చూస్తూనే ఉన్నారు. అందుకే మీ దగ్గర ‘మళ్లీ శాంపిలేనా’ అన్న విసుగు, ‘పెద్దోళ్లు అడిగారు, ఇచ్చేద్దాం’ అన్న మొహమాటం రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. రెండింట్లో దేన్నీ ఒప్పుకోలు అనలేం.

రక్తం సంగతి. మీ ఫారం ప్రకారం ఒక్కో విజిట్‌కి 15 మి.లీ., మొత్తం 9 విజిట్లు. టీ చెంచాకి 5 మి.లీ. పడుతుంది. అంటే వెళ్లినప్పుడల్లా మూడు చెంచాలు, మొత్తం కలిపితే 135 మి.లీ. విడివిడిగా తీస్తారు కాబట్టి మామూలు మనిషికి లెక్కలోకి రాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి రక్తం తక్కువగా ఉండటం మామూలు కనుక, నాన్నగారి హిమోగ్లోబిన్‌కి ఇది ఫరవాలేదా అని నేరుగా అడగండి. దుష్ప్రభావాల పట్టికలో ‘సాధారణం’, ‘అరుదు’ అని రాసి ఉంటుంది. మందుల భాషలో ‘సాధారణం’ అంటే వందమందిలో ఒకరి నుంచి పదిమంది దాకా, ‘అరుదు’ అంటే పదివేల మందిలో ఒకరి నుంచి పదిమంది దాకా అని ఎక్కువగా వాడతారు. ఇంట్లో సాధారణం అంటే అందరికీ వచ్చేది అనుకుంటాం. మాటలు వదిలేసి వందమందిలో ఎంతమందికి అని అంకెల్లో చెప్పమనండి.

అమ్మగారి కన్నీళ్ల దగ్గరికి వస్తున్నాను. నామినీ పేరు అడిగారంటే నాన్నగారికి ఏదో అవుతుందని వాళ్లకి ముందే తెలుసని ఆవిడ అనుకుంటున్నారు. అలా కాదని చెప్పండి. చదువు, వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు, చిరునామా, బంధుత్వం: ఇవన్నీ మన దేశంలో ట్రయల్ ఫారం మీద ఉండాలని నిబంధనే చెబుతోంది. ఏ మందు ట్రయల్‌కైనా, ఎవరినైనా అడుగుతారు. బ్యాంకులో ఎఫ్‌డీ వేసినా నామినీ అడుగుతాం, డిపాజిటర్ పోతాడని కాదు కదా. ఇది ఆవిడకి చెప్పి ఒప్పించడం మీకు కష్టం కాదు. తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరిచెట్లకి పరిహారం రాయించుకున్న రోజులు ఆవిడకి గుర్తుండే ఉంటాయి. అప్పుడు నష్టం జరిగాక ఫారాల వెంట తిరిగారు. ఇక్కడ అలాంటి కాగితం ముందే రాయించుకుంటున్నారు.

కానీ ఇది అమ్మగారిని ఓదార్చి దాటేసే పేజీ కాదు. మొత్తం ఫారంలో నాన్నగారికి పనికొచ్చే హక్కులు ఉన్నది ఇక్కడే. ఎందుకో గానీ నేను చూసిన ఫారాల్లో ఇది చివరి పేజీల్లోనే వస్తుంది. ట్రయల్‌లో ఉండగా ఆయనకి ఏ హాని జరిగినా వైద్యం ఖర్చు లేకుండా చేయించాలి. అవసరమైనంత కాలం, లేదా అది ట్రయల్ వల్ల వచ్చింది కాదని తేలేదాకా, ఏది ముందైతే అంతవరకు. ట్రయల్ వల్లేనని తేలితే వైద్యంతో పాటు నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ఇవ్వాల్సింది ట్రయల్ చేయిస్తున్న స్పాన్సర్, అంటే సాధారణంగా మందు కంపెనీ. మరణానికి కట్టే లెక్క 8 లక్షల రూపాయల మూలం మీద వయసును బట్టి, చేరేనాటికి జబ్బు ఎంత ముదిరిందన్నదాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ సూత్రంలో ఆదాయం లేదు. కాబట్టి తోట ఆదాయం ఎంత రాయాలా అని భయపడక్కర్లేదు, ఉన్నది రాయండి. తీవ్రమైన హాని ఏదైనా జరిగితే ట్రయల్ డాక్టర్ 24 గంటల్లో పైకి తెలియజేయాలి. అంటే ఆయనకి మీరు వెంటనే చెప్పాలి. సోంపేటలోనో పలాసలోనో ఇంకో ఆసుపత్రిలో చేర్చినా సరే విశాఖకి ఫోన్ వెళ్లాలి. ఇది నాన్నగారి కంటే అమ్మగారికి బాగా తెలిసి ఉండాలి, అర్ధరాత్రి ఫోన్ చేసేది ఆవిడే కాబట్టి.

ఇప్పుడు మీ సంతకం. చదవడం రాని మనిషి చేరుతున్నప్పుడు వివరించడం మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఒక నిష్పక్షపాత సాక్షి దగ్గరే ఉండి, తర్వాత సంతకం చెయ్యాలి. సాక్షి సంతకానికి అర్థం ‘ఈయన నాకు తెలుసు’ అని కాదు. ‘అంతా ఈయనకి అర్థమయ్యేలా చెప్పారు, ఈయన ఇష్టపడే ఒప్పుకున్నాడు, నేను కళ్లారా చూశాను, చెవులారా విన్నాను’ అని. మీరు రక్తం బిల్లు కట్టడానికి క్యూలో ఉండగా లోపల చెప్పేసి, మీరు రాగానే ‘మేడమ్ ఇక్కడ’ అంటే పెట్టకండి. నాన్నగారికి బదులుగానూ మీరు పెట్టకూడదు. ఆయనకి తెలివి ఉంది, సంతకం వచ్చు. కూతురు కాబట్టి మీ మీదా ఒత్తిడి ఉంటుంది. ఆసుపత్రితో, ట్రయల్‌తో సంబంధం లేని ఇంకొకరు సాక్షిగా ఉంటే మీకే హాయి. మీరు కూతురిగా పక్కన కూర్చుని ప్రశ్నలు అడగొచ్చు. కొత్త రకం మందుల ట్రయల్స్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్లని చేర్చుకునేటప్పుడు ఇదంతా వీడియో తీయాలని కూడా నిబంధన ఉంది. కెమెరా పెడితే కంగారు పడొద్దని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. రేపు మాట తేడా వస్తే ఆ వీడియో మీకే పనికొస్తుంది.

సాక్షి విషయంలో ఇంత పట్టుబడుతున్నానంటే కారణముంది. 2009లో, ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు, ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. మరుసటి ఏడాది ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో అంగీకార పత్రాల లెక్క ఉంది. చూసిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి. ఆ టీకా ఇవాళ చాలా దేశాల్లో పిల్లలకి వేస్తున్నారు. నేను చూసేది ఆ వార్డెన్లని. వాళ్లెవరూ దుర్మార్గులై ఉండరు. పైవాళ్లు ఫారాల కట్ట ఇచ్చి ఉంటారు, సాయంత్రానికి పూర్తి చెయ్యమని ఉంటారు. బ్యాంకులో నేను చేసిందీ అదే కదా.

నాన్నగారికి అర్థం చేయించడం ఎలాగంటే, 26 పేజీలూ చదివి వినిపించకండి. పదో నిమిషానికి ‘ఊఁ’ కొట్టడం మొదలుపెడతారు. ఫారాన్ని సులువు చేస్తే, వీడియోలు చూపిస్తే, మనిషి ఎదురుగా కూర్చుని చెబితే ఏది బాగా పనిచేస్తుందో పోల్చిన అధ్యయనాలన్నిటినీ 2004లో ఒకచోట చేర్చి చూశారు. అన్నిటికంటే నిలకడగా పనిచేసింది ఆ విషయం తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని తీరిగ్గా మాట్లాడటమే. కాబట్టి ఆదివారం సాయంత్రం అరుగు మీద కూర్చోండి, ఫారం మూసెయ్యండి. ఒక ముక్క చెప్పండి, ఆపండి. ‘అర్థమైందా నాన్నా?’ అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి మన నాన్నలు ఎప్పుడూ అవుననే అంటారు, క్లాసులో మీ పిల్లల్లాగే. ‘అమ్మకి చెప్పు నాన్నా, ఏం చేస్తారట?’ అనండి. ఆయన అమ్మకి చెబుతుంటే మీరు వినండి. కొత్త మందు తనకి వచ్చి తీరుతుందన్నట్టు చెప్పారా? చీటీ సంగతి మర్చిపోయారు, మళ్లీ చెప్పండి. మధ్యలో మానెయ్యొచ్చని చెప్పారా? మానేసినా ఇప్పుడు జరుగుతున్న వైద్యం ఆగదని చెప్పారా? హాని జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పారా? ఎన్నిసార్లు విశాఖ వెళ్లాలో, రైలు ఛార్జీలు ఎవరిస్తారో చెప్పారా? (ఫారంలో ‘ప్రయాణ వ్యయము తిరిగి చెల్లించబడును’ అని ఉంటుంది. మీతో వచ్చేవాళ్లకి కూడానా అని అడగండి. తోడు లేకుండా ఆయన వెళ్లలేరు కదా.)

ఆయన ‘డాక్టరు బాబు సెప్పినాడు’ అన్నది నన్ను ఇంకా గుచ్చుతోంది. అది నమ్మకం, దాన్ని తక్కువ చెయ్యను. వైద్యం చేసే డాక్టరే ట్రయల్‌లో చేరమని కూడా అడుగుతున్నప్పుడు కాదంటే బాగోదేమోనన్న జంకు అందులో కలుస్తుంది. మంగళవారం డాక్టర్ గారి ముందే నాన్నగారి చేత ఒక ప్రశ్న అడిగించండి: ‘బాబూ, నేను వద్దంటే నన్ను మునపట్లాగే చూస్తారా?’ మంచి డాక్టరైతే నవ్వి, చూస్తానని నోటితో చెబుతారు. ఫారంలో రాసి ఉన్న వాక్యం కంటే ఆ నోటి మాట నాన్నగారికి వెయ్యి రెట్లు ఎక్కువ.

మీరు టీచరు కాబట్టి ఇంకో పని చెప్పనా? మీకు అర్థం కాని వాక్యాలు ఒక కాగితం మీద రాసి, ఎలా రాస్తే మీ నాన్నగారికి అర్థమవుతుందో పక్కన మీరే రాసి, ఆ ఎథిక్స్ కమిటీకి పంపండి. నాలాంటి సామాన్యుడు అక్కడా ఒకడు టీ తాగుతూ ఉంటాడు. మీ కాగితం చేతికొస్తే అతనికి మాట్లాడటానికి దారి దొరుకుతుంది. మా కమిటీలో ‘చీటీ తీసినట్టు’ అన్న మాట ఫారంలోకి ఎక్కడానికి మూడు మీటింగులు పట్టింది, కానీ ఎక్కింది.

ట్రయల్ నిజంగా నమోదైందో లేదో మీరే చూసుకోవచ్చు. మన దేశంలో జరిగే ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో ఉండాలి. 2007లో మొదలైంది, 2009 నుంచి తప్పనిసరి చేశారు. ఫారం మీద ఆ నంబరు లేకపోతే అడగండి. ఆ సైట్‌లో కొడితే ఏ మందు, ఎన్నో దశ, ఏ ఊళ్లలో జరుగుతోంది అన్నీ ఇంగ్లీషులో వస్తాయి. మీరు చదవగలరు.

ఆఖరి పేజీలో రెండు ఫోన్ నంబర్లు ఉంటాయి, ఒకటి ట్రయల్ డాక్టర్‌ది, ఒకటి ఎథిక్స్ కమిటీది. మంగళవారం దాకా ఆగకుండా ఆ రెండింటికీ రేపే ఒకసారి చేసి చూడండి, ఎవరైనా ఎత్తుతారేమో. ఎథిక్స్ కమిటీ నంబరు ఎవరూ ఎత్తకపోతే ఎన్నిగంటలకి చేశారో, ఎన్నిసార్లు చేశారో రాసుకుని వెళ్లి, మొదటి ప్రశ్నగా అదే అడగండి.